స్థానికుల నమ్మకం కోసం పీఆర్ (ప్రజా సంబంధాల) సాధనాలు: ఏది ముందు, ఏది తర్వాత?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ సంస్థ ఒక నివాస ప్రాంతాన్ని ఆనుకుని మురుగునీటి శుద్ధి కేంద్రం కడుతోంది. అనుమతులన్నీ చేతికి వచ్చాయి. చుట్టుపక్కల వాళ్లు మాత్రం దుర్వాసన వస్తుందని, దోమలు పెరుగుతాయని, ఇళ్ల విలువ పడిపోతుందని వ్యతిరేకిస్తున్నారు. రంగుల కరపత్రం, సోషల్ మీడియా ప్రచారం, విలేకరుల సమావేశం, బహిరంగ సభ, ఈ నాలుగింటిలో దేనితో మొదలుపెట్టాలని అడిగారు. బడ్జెట్ ఒక్కదానికే సరిపోతుందని కూడా రాశారు.

నాలుగింటిలో దేనితోనూ మొదలుపెట్టవద్దని నా సలహా. ప్రజా సంబంధాల పనిలో 24 ఏళ్లుగా ఉన్నాను. అందులో సగానికి పైగా కాలం ఇలాంటి కట్టడాల చుట్టూ నివసించే జనంతోనే గడిచింది. మీరు చెప్పిన నాలుగు సాధనాలూ సంస్థ గొంతును పెంచేవి. మీ మాట వాళ్లకు వినపడకపోవడం వల్ల ఈ వ్యతిరేకత పుట్టలేదు. విన్న మాట నిజమో కాదో తేల్చుకునే దారి వాళ్లకు లేదు, అసలు చిక్కు అక్కడుంది. ఉన్న కొద్దిపాటి డబ్బునూ, అంతకన్నా ఎక్కువగా మీ సమయాన్నీ, ఆ దారి వేయడానికి ఖర్చు పెట్టండి.

దానికన్నా ముందు మీ ఆఫీసులోనే ఒక పని ఉంది. మీ పై అధికారినీ ప్రాజెక్టు ఇంజినీరునూ కూర్చోబెట్టి ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఇప్పటికే ఖరారై మారడానికి వీల్లేనివి మొదటి గడిలో రాయండి. స్థానికులు చెబితే మార్చగలిగినవి రెండో గడిలో, ఇంతవరకు ఎవరూ ఆలోచించనివి మూడో గడిలో రాయండి. స్థలం మొదటి గడిలో పడవచ్చు. ట్యాంకర్లు వచ్చే దారి, శుద్ధిలో మిగిలే బురద తరలించే వేళలు, ప్రహరీ వెంట చెట్లు, రాత్రి దీపాలు, తొట్లపై మూతలు వంటివి రెండో గడిలోకి రావాలి. రెండో గడి ఖాళీగా ఉందని మీ అధికారి అంటే జనం దగ్గరకు వెళ్లకండి. మార్చడానికి ఏమీ లేనప్పుడు అభిప్రాయాలు అడగడం మోసం. ఆ సంగతి వాళ్లు మొదటి సమావేశంలోనే పసిగడతారు.

అమెరికాకు చెందిన విధాన నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో పౌర భాగస్వామ్యాన్ని 8 మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అట్టడుగున ఉన్న రెండు మెట్లను ఆమె భాగస్వామ్యంగానే ఒప్పుకోలేదు. సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, బుజ్జగించడం అనే మధ్య మెట్లను నామమాత్రపు భాగస్వామ్యం అన్నారు. నిర్ణయంలో జనానికి నిజంగా చోటు దొరికేది పై మూడు మెట్ల మీదే. ప్రతి సంస్థా పై మెట్టుకు చేరాలని నేను అనను. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో నిజాయితీగా చెప్పాలని మాత్రం గట్టిగా అంటాను. మూడో మెట్టు మీద నిలబడి ఆరో మెట్టు మీద ఉన్నట్టు మాట్లాడినప్పుడే జనానికి కోపం వస్తుంది.

అనుమతులన్నీ ఉన్నాక ఇదంతా ఎందుకని మీ యాజమాన్యం అడగవచ్చు. అడిగితే బ్రెంట్ స్పార్ సంగతి చెప్పండి. ఉత్తర సముద్రంలో వాడకం ముగిసిన ఒక చమురు నిల్వ కట్టడం పేరది. దాన్ని లోతైన సముద్రంలో ముంచేయాలని షెల్ సంస్థ నిర్ణయించింది. శాస్త్రీయ అధ్యయనాలు చేయించింది, బ్రిటన్ ప్రభుత్వ అనుమతీ తెచ్చుకుంది. 1995 ఏప్రిల్ చివర్లో పర్యావరణ ఉద్యమ సంస్థ గ్రీన్‌పీస్ కార్యకర్తలు ఆ కట్టడం ఎక్కి కూర్చున్నారు. జర్మనీలో వినియోగదారులు షెల్ పెట్రోలు బంకులను బహిష్కరించారు. జూన్ 20న సంస్థ తన నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. తర్వాత కొన్ని నెలలకే, అందులో మిగిలిన చమురు గురించి తాము వేసిన అంచనా తప్పని గ్రీన్‌పీస్ ఒప్పుకుని క్షమాపణ కోరింది. అంకెల విషయంలో షెల్ వాదనే బలంగా ఉన్నా ఓడిపోయింది. నియంత్రణ సంస్థలు ఒప్పుకుంటే చాలనుకున్నారు, మామూలు జనం ఒప్పుకోలు కూడా కావాలని వాళ్లకు తోచలేదు. ఆ దెబ్బ తర్వాత వాళ్లు ఐరోపాలోని పలు దేశాల్లో చర్చా సమావేశాలు పెట్టి, విమర్శకులను కూడా పిలిచి ప్రత్యామ్నాయాలు పరిశీలించారు. చివరికి ఆ కట్టడం ముక్కలు నార్వేలో ఒక రేవు గట్టుకు పునాది అయ్యాయి. ఆ సమావేశాలు ముందే జరిగి ఉంటే ఎలా ఉండేదో మీ యాజమాన్యాన్ని ఊహించమనండి.

ఇక బయటి పని. మొదటి మూడు వారాలు ఏమీ ముద్రించకండి, ఇళ్లకు వెళ్లండి. సంఘం అధ్యక్షుడిని, నాయకులను కలవడం తప్పనిసరే అయినా అది చాలదు. ఆ ప్రాంతంలో ఎవరి మాట చెల్లుతుందో పదవుల జాబితా చూస్తే తెలియదు. బడిలో పాఠం చెప్పే టీచరు, మందుల దుకాణం నడిపేవారు, అందరి ఇళ్లకూ వెళ్లే నర్సు, రాత్రి కాపలా కాసే మనిషి, వీళ్లలో ఎవరైనా కావచ్చు. ప్రతి ఇంట్లోనూ చివర్లో ఒక ప్రశ్న అడగండి: "ఇలాంటి విషయం వచ్చినప్పుడు మీరు ఎవరిని అడుగుతారు?" పాతిక ఇళ్లు తిరిగేసరికి రెండు మూడు పేర్లు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. మీరు మొదట గుర్తు పెట్టుకోవాల్సింది ఆ మనుషులను. వాళ్లను మీ వైపు తిప్పుకోవాలని చూడకండి. వాళ్ల సందేహాలన్నీ తీరాయో లేదో చూసుకోండి, అంతవరకే మీ పని.

వెళ్లినప్పుడు వినడం అనేది చెప్పినంత తేలిక కాదు. ఎవరైనా తప్పు సమాచారం చెబుతుంటే సరిదిద్దాలని నోరు దురద పెడుతుంది. ఆగండి. వాళ్ల మాటను వాళ్ల మాటల్లోనే రాసుకుని చదివి వినిపించండి. "అవును, నేను అన్నది అదే" అని వాళ్లు అన్నాకే మీరు నోరు తెరవాలి. తెరిచాక కూడా, తెలియని విషయానికి "తెలియదు, ఫలానా రోజు కనుక్కుని చెబుతాను" అనండి. ఆ రోజు తప్పకుండా వెళ్లండి. చెప్పాల్సింది దొరక్కపోయినా, దొరకలేదని చెప్పడానికైనా వెళ్లండి. నా అనుభవంలో తొలి నమ్మకం పుట్టేది ఈ రెండోసారి వెళ్లడంలోనే. మొదటిసారి ఎవరైనా వస్తారు.

జనం చెప్పే కారణం వెనక ఇంకో కారణం ఉంటుంది. దీన్ని నాకు బాగా నేర్పింది భారతదేశంలో పోలియో నిర్మూలన కథ. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని వర్గాల కుటుంబాలు పోలియో చుక్కలను తిరస్కరించాయి. పిల్లలకు సంతానం కలగకుండా చేయడానికే చుక్కలు వేస్తున్నారనే పుకారు నడిచింది. ఆ పుకారును ఖండిస్తూ పోస్టర్లు వేసి ఊరుకుని ఉంటే ఏమీ జరిగేది కాదు. యూనిసెఫ్ తోడ్పాటుతో అదే వాడల్లోని మనుషులను, ఎక్కువగా మహిళలను, ఇంటింటికీ పంపారు. మత పెద్దలు తోడు వచ్చారు. అప్పుడు అసలు మాట బయటపడింది: నీళ్లు, పారిశుధ్యం, జ్వరానికి మందు, ఇవేవీ మా గుమ్మానికి రావు, ఈ చుక్కలు మాత్రం మళ్లీ మళ్లీ ఎందుకొస్తున్నాయి? ఎంత న్యాయమైన ప్రశ్న! 2009లో ఉత్తరప్రదేశ్, బీహార్‌లలోని 107 బ్లాకులకు వేసిన ప్రణాళికలో పారిశుధ్యం, అతిసార చికిత్స, మామూలు టీకాలు కూడా చేర్చారు. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13 నాటిది. ఆ విజయంలో టీకా గుణానికీ గట్టి పర్యవేక్షణకూ పెద్ద వాటా ఉంది. అయితే ఆ టీకా గుమ్మం దాటి లోపలికి వెళ్లడానికి, పుకారు వెనక ఉన్న గాయాన్ని ఎవరో ఒకరు వినాల్సి వచ్చింది. మీ దగ్గర "దుర్వాసన" అంటున్నవాళ్ల మనసులో "ఊరందరి మురుగూ మా పక్కకే ఎందుకు" అనే ప్రశ్న ఉండవచ్చు. ఆ ప్రశ్నకు వాసన కొలిచే యంత్రం జవాబివ్వలేదు.

పీటర్ శాండ్‌మన్ అనే నిపుణుడు ముప్పును ప్రమాదం, ఆగ్రహం అనే రెండింటి కూడికగా చూడమన్నారు. ఇంజినీర్లు ప్రమాదాన్ని కొలుస్తారు, జనం ఆగ్రహాన్ని అనుభవిస్తారు. తమ ఇష్టం లేకుండా నెత్తిన పడింది, తమ అదుపులో లేనిది, లాభం ఒకరికి కష్టం ఒకరికి పంచేది అయితే, ప్రమాదం చిన్నదైనా ఆగ్రహం పెద్దదే అవుతుంది. అందుకే "అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి" అనే వాక్యాన్ని మీ నిఘంటువులోంచి తీసేయండి. మీ రంగంలో అది వాస్తవంగా కూడా పనికిరాదు. మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది కుళ్లిన కోడిగుడ్ల వాసన. ఆరోగ్యానికి హాని చేసే స్థాయికి ఎంతో దిగువన, అతి స్వల్ప మోతాదులోనే, మన ముక్కు దాన్ని పట్టేస్తుంది. అంటే పరికరం పరిమితి లోపల చూపిస్తున్నప్పుడే ఇంట్లో మనిషికి కడుపులో తిప్పుతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. "పరిమితుల్లోనే ఉంది" అనగానే ఆ ఇంట్లో మనిషిని అబద్ధాలకోరు అన్నట్టవుతుంది.

నేను ఈ తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో ఒక సంస్థ తరఫున ఇలాంటి కేంద్రం దగ్గరే పనిచేశాను. ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ మా వాళ్లు పగటిపూట వెళ్లి కొలిచి, ఏమీ లేదని రాసేవారు. ఆ రాతకు అందమైన భాష తొడగడం నా పని. ఒక రోజు ఒక పెద్దావిడ తన ఇంట్లో గోడకు తగిలించిన క్యాలెండర్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏడాది పొడవునా వాసన వచ్చిన రాత్రులకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. మాటల్లేవు, ఆ కాగితం చాలు. నేను దాన్ని తీసుకెళ్లి మా ప్లాంటు పనుల పుస్తకం పక్కన పెట్టి చూశాను. బురద తొట్లు కలియబెట్టిన రాత్రులూ ఆమె సున్నాలూ చాలావరకు ఒకటే. గాలి కదలని రాత్రుల్లో నేల దగ్గరి చల్లని గాలి పొర వాసనను పైకి పోనివ్వదు. పగలు కొలిస్తే అది ఎలా దొరుకుతుంది? పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే మాలో ఎవరికీ ఆ వాసన ఏడాదిలో ఒక్కసారి కూడా తగల్లేదు. ఆవిడ ముందు తల ఎత్తలేకపోయాను. ఇప్పటికీ ఆ క్యాలెండర్ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

అప్పటి నుంచి నేను సిఫారసు చేసే మొదటి సాధనం వాసన డైరీ. ఇరవై ముప్పై ఇళ్లకు ఒక చిన్న పుస్తకం ఇవ్వండి. తేదీ, వేళ, ఎంత ఘాటు, ఎంతసేపు, గాలి ఎటు నుంచి, అంతే రాయాలి. కేంద్రం నడక మొదలవకముందే ఇవ్వండి. ముందున్న వాసన ఎంతో తెలియకపోతే తర్వాత వచ్చినదాన్ని ఎవరూ తేల్చలేరు. నెలకోసారి ఆ డైరీలను, మీ పనుల పుస్తకాన్ని, గాలి వివరాలను ఒకే బల్ల మీద పెట్టి స్థానికులతో కలిసి చదవండి. పరికరాలు ఎక్కడ పెట్టాలో వాళ్లనే అడగండి. నీటి నమూనాలు తీసేటప్పుడు వాళ్లలో ఇద్దరు పక్కన ఉండాలి, పరీక్షశాలను ఇరువైపులా ఒప్పుకోవాలి, ఫలితం మీకూ వాళ్లకూ ఒకే రోజు అందాలి. చెడు ఫలితం వచ్చిన నెలలో కూడా అదే రోజు అందాలి. నా మటుకు, ఈ రంగంలో దీన్ని మించిన నమ్మకపు సాధనం లేదు. కరపత్రం ఖర్చులో కొంత భాగానికే ఇదంతా జరుగుతుంది కూడా.

బహిరంగ సభ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. పెద్ద సభ, వేదిక, మైకు, ఈ ఏర్పాటును నేను వీలైనంతవరకు తప్పిస్తాను. వేదిక మీద మీరు, కింద వాళ్లు అన్న అమరికే తగవుకు సిద్ధం చేస్తుంది. గొంతు పెద్దదైన పది మంది మాట్లాడతారు, మిగతా వందల మంది ఏమనుకున్నారో మీకు తెలియకుండానే ఇంటికి పోతారు. చట్టం ప్రకారం తప్పనిసరైతే పెట్టండి, కాని అంతకు ముందే పన్నెండు పదిహేను మందితో చిన్న కూటములు జరిపి ఉండాలి. మీ ఆఫీసులో కాకుండా వాళ్లకు అలవాటైన చోట, పనులకు వెళ్లేవాళ్లు తిరిగొచ్చిన వేళకు పెట్టండి. మహిళలు తమలో తాము మాట్లాడుకునే కూటమి ఒకటి విడిగా ఉండాలి. ఇంజినీరును తీసుకెళ్లండి, పని చేసేవాళ్లు ప్రశ్నలకు నేరుగా జవాబు చెబితే దానికుండే బరువు వేరు. జరిగినదంతా రాసి, మూడు రోజుల్లో వచ్చినవాళ్లకు పంచి, తప్పులుంటే దిద్దమనండి. వాళ్లు దిద్దిన ప్రతినే అసలు ప్రతిగా ఉంచండి.

ఆ కూటముల్లో మీ నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా హామీల పట్టికలోకి ఎక్కాలి. ఏ హామీ, ఎవరికి ఇచ్చారు, ఎప్పటికి, బాధ్యత ఎవరిది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. గేటు దగ్గర అందరూ చదవగలిగేలా బోర్డు మీద పెట్టండి. గడువు దాటినవి చెరిపేయకండి, ఎందుకు దాటాయో పక్కనే రాయండి. యాజమాన్యాలు ఇక్కడే వెనకాడతాయి, తప్పు మనమే బయట పెట్టుకోవడం ఏమిటని. ఆ తప్పు జనానికి ఎలాగూ తెలుసు. మీకూ తెలుసన్న సంగతి ఒక్కటే వాళ్లకు కొత్త.

ఫిర్యాదుల వ్యవస్థకు మంచి కొలమానం ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లో ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాల్లో ఉంది. అందులో 31వ సూత్రం అడిగేవి తేలికగానే కనిపిస్తాయి: అందరికీ అందుబాటులో ఉండాలి, ఏ దశ ఎన్ని రోజుల్లో అవుతుందో ముందే తెలియాలి, ఫిర్యాదు ఏమైందో చెబుతూ ఉండాలి, వచ్చిన ఫిర్యాదుల నుంచి సంస్థ నేర్చుకోవాలి. చదవడం రానివాళ్లు ఎలా ఫిర్యాదు చేస్తారు, పేరు చెప్పడానికి భయపడేవాళ్లు ఎలా చేస్తారు అన్నది మాత్రం మీరు కూర్చుని ఆలోచించాల్సిందే.

పత్రికలు, సోషల్ మీడియా గురించి క్లుప్తంగానే చెబుతాను. అవి పై పనుల ఫలితాన్ని మోసుకెళ్లే బండ్లు, సరుకు లేని బండి తోలి లాభం లేదు. ఫోన్లలో వాడకట్టు గ్రూపు ఉంటే అందులో మీరు దూరకండి. వాళ్లు పిలిస్తే వెళ్లి, అడిగినదానికి జవాబు చెప్పండి. విలేకరుల విషయంలో మాత్రం ఒక పాత సంగతి గుర్తుంచుకోండి. 1906 అక్టోబర్‌లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ రైలు వంతెన మీది నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. ప్రమాదాలు దాచిపెట్టడం అప్పటి రైలు కంపెనీల అలవాటు. ఆ సంస్థకు సలహాదారుగా ఉన్న ఐవీ లీ వివరాలను తానే రాసి పత్రికలకు ఇచ్చారు, విలేకరులను ప్రమాద స్థలానికి తీసుకెళ్లే ఏర్పాటు చేశారు. తొలి ప్రెస్ నోట్‌గా చాలామంది చెప్పేది దాన్నే. మన వృత్తిలో అందరూ వాడే ఈ సాధనం చెడు వార్తను ముందుగా చెప్పడానికి పుట్టింది. మీ కేంద్రంలో పంపు చెడిపోయి శుద్ధి కాని నీరు బయటికి పోతే, ఆ వార్త మొదట మీ నోటి నుంచే రావాలి. ఏం జరిగింది, ఎవరు జాగ్రత్త పడాలి, మీరు ఏం చేస్తున్నారు, మళ్లీ ఎన్ని గంటలకు చెబుతారు, ఈ నాలుగు వాక్యాల నమూనా ఇప్పుడే రాసి ఉంచుకోండి.

కొన్ని పనులకు దూరంగా ఉండమని వేడుకుంటున్నాను. వ్యతిరేకత నడుస్తున్న సమయంలో కానుకలు, వైద్య శిబిరాలు, ఆటల పోటీలకు విరాళాలు వద్దు. మామూలు రోజుల్లో మంచివే అయినా ఇప్పుడు అవి లంచంలా కనిపిస్తాయి, కొంతవరకు లంచమే కూడా. డబ్బిచ్చి మద్దతుదారుల సంఘం పెట్టించడం, మారుపేర్లతో పొగడ్తలు రాయించడం గురించి ఏ ఏజెన్సీ అయినా చెబితే, ఆ ఏజెన్సీని మార్చండి. వ్యతిరేకిస్తున్నవాళ్లలో ఒకరిద్దరిని లోబరచుకుని మిగతావాళ్లను చీల్చడం అన్నిటికన్నా నీచం. మీరు వెళ్లిపోయాక కూడా ఆ ఊళ్లో మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు.

ఫలితాన్ని ఎలా చూపించాలన్నది మీ చివరి ప్రశ్న. ఎన్ని పత్రికల్లో వచ్చింది, ఆ స్థలానికి ప్రకటన ధర ఎంత అని లెక్కగట్టే పాత పద్ధతిని మా రంగమే 2010లో బార్సిలోనా సూత్రాలతో పక్కన పెట్టింది. మీరు లెక్కించాల్సినవి వేరే ఉన్నాయి. ఇచ్చిన హామీల్లో గడువులోగా ఎన్ని తీరాయి? ఫిర్యాదు అందాక మొదటి జవాబుకు ఎన్ని గంటలు పట్టింది? సమస్య వచ్చినప్పుడు జనం మొదట మీకు ఫోన్ చేస్తున్నారా, పత్రికలకు చేస్తున్నారా? వాళ్ల మాట వల్ల మీ పనిలో ఏదైనా మారిందా? ఆరు నెలలకోసారి, మీతో సంబంధం లేని మనిషి చేత కొన్ని ఇళ్లలో ఈ చివరి ప్రశ్న అడిగించండి. ఇంకో మాట, మొదటి నెలల్లో ఫిర్యాదులు పెరుగుతాయి. మీ అధికారి కంగారు పడతారు. ఇంతకాలం మూసుకున్న నోళ్లు తెరుచుకుంటున్నాయని, ఇది ఆశించినదేనని ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి.

బడ్జెట్ ఒక్కదానికే సరిపోతుందన్నారు కాబట్టి, ఆ డబ్బుతో ఒక మనిషిని పెట్టమంటాను. ఆ ప్రాంతపు మాట తెలిసి, ఓపిక ఉండి, అవసరమైతే రాత్రిపూట బురద పంపు ఆపించే అధికారం ఉన్న మనిషి. గేటు బోర్డు మీద ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు ఉండాలి. రాత్రి రెండు గంటలకు వాసన వచ్చి ఎవరైనా ఫోన్ చేస్తే, తను ఎత్తి, బండి తీసుకుని ఆ ఇంటికి వెళ్లి, వాళ్ల గుమ్మంలో నిలబడి ఆ గాలి పీల్చి, డైరీలో వాళ్ల సంతకం పక్కన తన సంతకం పెట్టాలి. ఇలాంటి మనిషి దొరికాక మళ్లీ రాయండి, మొదటి నెల పనులు రోజువారీగా కలిసి వేసుకుందాం.